కొండ మీద ముసలి నావికులు

లండన్ నగరానికి తూర్పున, థేమ్స్ నది ఒడ్డున ఉంది గ్రీనిచ్ కొండ. పైకెక్కి చూస్తే కింద రాజభవనాన్ని తలపించే కట్టడాలు, మెలికలు తిరుగుతూ సాగే నది, ఎక్కడో దూరాన నగరం. ప్రఖ్యాత ఆంగ్ల చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యు.టర్నర్ సుమారు 1825లో ఈ దృశ్యాన్ని నీటిరంగుల్లో గీశాడు. అడుగు వెడల్పయినా లేని ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. చూడగానే కన్ను నగరం మీదికి పోతుంది. కానీ ముందుభాగంలో ఉన్న మనుషుల్ని గమనిస్తే... అసలు కథ అక్కడే మొదలవుతుంది. వాళ్లు ఒకప్పటి యుద్ధనౌకల నావికులు!

ఎవరీ పెన్షనర్లు?

నౌకాదళంలో పనిచేసి వయసు మళ్లినవారికీ, గాయపడినవారికీ ఆశ్రయమివ్వాలన్నది రెండో మేరీ రాణి కోరిక. అందుకోసం 1694లో గ్రీనిచ్ ఆసుపత్రి ఏర్పాటైంది. పేరుకు ఆసుపత్రే అయినా నిజానికది వృద్ధాశ్రమం. సెయింట్ పాల్స్ చర్చిని కట్టిన క్రిస్టఫర్ రెన్ దీనికీ రూపకల్పన చేశాడు. 1705లో మొదటి నావికులు చేరారు. నెపోలియన్‌తో యుద్ధాలు ముగిసేనాటికి వాళ్ల సంఖ్య సుమారు 2,700కు చేరింది. నీలం కోటు, మూడు మూలల టోపీ వాళ్ల గుర్తు. చాలామందికి కాలో, చెయ్యో ఉండేది కాదు.

పెన్నీ ఇస్తే లండన్!

సెలవురోజుల్లో కొండ మీదికి జనం వచ్చేవారు. ఈ ముసలివాళ్లు టెలిస్కోపులు పెట్టుకుని ఎదురుచూసేవారు. ఒక్క పెన్నీ చేతిలో పెడితే చాలు, నగరంలోని వింతలన్నీ దగ్గరగా చూపించేవారు. ఓడ మీద శత్రువు జాడ పట్టిన కళ్లకు ఒడ్డున దొరికిన పని అది.

టర్నర్ ఈ చిత్రానికి ముందే, 1824లో, ట్రఫాల్గర్ యుద్ధం మీద భారీ తైలవర్ణ చిత్రం పూర్తిచేశాడు. నాలుగో జార్జి రాజు కోరి గీయించిన చిత్రమది. అందులో విరిగిపడే తెరచాపలు, నీళ్లలో కొట్టుకునే మనుషులు. ఇప్పుడది గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలోనే ఉంది. ఆ పెద్ద చిత్రంలో యుద్ధం ఉంటే, ఈ చిన్న చిత్రంలో యుద్ధం తర్వాత మిగిలిన జీవితం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే విజయం ఖరీదెంతో తెలుస్తుంది.

ఎవరి సొమ్ము?

ఇదంతా రాజుగారి దయ అనుకుంటే పొరపాటే. ఆసుపత్రి నడపడానికి 1696 నుంచి ప్రతి నావికుడి జీతంలోంచి నెలకు ఆరు పెన్నీలు కోసేవారు. ఆ కోత 1834 దాకా సాగింది. అంటే, వాళ్ల ముసలితనానికి వాళ్లే చెల్లించుకున్నారన్నమాట! అయినా లోపల కట్టుబాట్లకు కొదవలేదు. భార్యలు వెంట ఉండటానికి వీల్లేదు. తాగి పట్టుబడితే శిక్షగా పసుపురంగు కోటు తొడిగి నలుగురిలో తిప్పేవారు.

1865లో వాళ్లకో వెసులుబాటు దొరికింది. పింఛను తీసుకుని బయటికెళ్లి తమవాళ్లతో బతకొచ్చన్నారు. చాలామంది మూటాముల్లే సర్దుకున్నారు. పాలరాతి మెట్ల కన్నా ఇంటి గడపే ముద్దయింది. 1869లో ఆశ్రమం మూతపడింది. తర్వాత 1873 నుంచి 1998 దాకా అక్కడ నౌకాదళ కళాశాల నడిచింది.

ఇప్పుడు ఆ భవనాల్లో గ్రీనిచ్ విశ్వవిద్యాలయం, సంగీత కళాశాల ఉన్నాయి. 1806 జనవరిలో నెల్సన్ భౌతికకాయాన్ని ఉంచిన పెయింటెడ్ హాలును పర్యాటకులు తలెత్తి మరీ చూస్తారు. ఆ గదిని ముందుగా ఉద్దేశించింది నావికుల భోజనశాలగా! కొండెక్కినవాళ్లకు నది అలాగే కనిపిస్తుంది, నగరం మాత్రం ఆకాశహర్మ్యాలతో నిండిపోయింది. నీలం కోట్ల ముసలివాళ్లను చూడాలంటే మాత్రం టర్నర్ రంగుల దగ్గరికే వెళ్లాలి.