చెమ్మ

మా నాయనకు పంటకాపు కోసం ఇచ్చిన లైసెన్సు తుపాకీ ఒకటి ఉండేది. నరసాపురం చెరువుకు అవతల మా చేను. సెనక్కాయలు ఊరే కాలానికి అడవిపందులు దిగేవి. చంపడానికి కాదు, చప్పుడు చేసి తోలడానికే నాయన తుపాకీ పేల్చేవాడు. తూటాలు కాగితపువి కాదు, ఇత్తడివి. మొత్తం పన్నెండు గొట్టాలు. పేలినవాటినే కడిగి, ఎండబెట్టి, మళ్ళీ మందు కూరి వాడుకోవడం.

మందు కూరేది నాయన. కడగడం, ఎండబెట్టడం నా పని. వెనకనుండే కాలిన క్యాపును ముందు ఊడదీయాలి, లేకుంటే నీళ్ళు అక్కడే నిలుస్తాయి. నల్లమందు మసి గాలిలోని చెమ్మను పీల్చుకొని ఇత్తడిని తినేస్తుంది కాబట్టి ఆ పొద్దే కడగాలి. వేడినీళ్ళలో చింతపండు పిసికి, గొట్టాలను కాసేపు వేస్తే మసీ చిలుమూ వదులుతాయి. ఎక్కువసేపు నానితే ఇత్తడిలోని జింకు పోయి రాగిరంగు తేలుతుంది. తర్వాత మూడు నీళ్ళు. చేటలో బోర్లించి, నీరు దిగినాక మూతి పైకి తిప్పి ఎండలో పెట్టాలి. తొందరపడి నిప్పుల మీద పెడితే ఇత్తడి మెత్తబడి చెడుతుంది. ఎండిందో లేదో తెలియడానికి నాయనకొక పరీక్ష ఉండేది: చిటికెడు రాగిపిండి లోపల వేసి వంచితే, ఒక్క రేణువూ అంటకుండా రావాలి.

1976లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ లేదు. నా మనసంతా గోలీలాట మీద. తడి గొట్టాలను గంపలో వేసి పసులకొట్టం అటక మీద దాచి, "ఎండినాయి నాయనా" అనేశాను.

రెండు నెలలకు పందులు దిగాయి. నాయన గొట్టాలను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. ఏడింటికి పొడుగునా చీలికలు. ఎక్కడ పెట్టినావని అడిగితే, ఇంట్లోనే అన్నాను. కొట్టలేదు. "చూడకుండా పేల్చుంటే నా మొగాన్నే కదరా" అన్నాడు, అంతే. మిగిలిన అయిదింటితో ఆ ఏడు కాపు కాయలేకపోయాం. రాత్రుళ్ళు నాయన మంచె మీద కూర్చొని డబ్బా వాయించాడు. అయినా సగం చేను పందులు తవ్వేశాయి.

ఇత్తడి ఊరికే చీలుతుందా? కోలారు బంగారు గనుల వర్క్‌షాపులో పనికి చేరినాక ఒక పెద్దాయన చెప్పాడు. బ్రిటిషు సైన్యం గుర్రపు లాయాల్లో దాచిన తూటాలు కూడా మన దేశపు వానాకాలంలో ఇట్లాగే పగిలేవట. అందుకే దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు. కారణం 1921లో తేలింది. రేకును సాగదీసి గొట్టం చేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయే బిగువు, చెమ్మ, పశువుల మూత్రం నుంచి లేచే అమ్మోనియా. మా కొట్టంలో మూడూ కలిశాయి. కారణం తెలిసింది గానీ, ఆ మాట నాయనతో చెప్పడానికి నోరు రాలేదు.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నాయన పోయాక తుపాకీని స్టేషన్లో అప్పగించాం. నరసాపురం చుట్టూ ఇప్పుడు ఫ్యాక్టరీలు. చీలిన గొట్టం ఒకటి మాత్రం నా దగ్గర మిగిలింది.

మొన్న మనవడు దాన్ని పట్టుకొని "ఇదేంది తాతా?" అన్నాడు.

"తూటా."

వాడికి తెలియలేదు. "కార్ట్రిడ్జి" అన్నాను.

"ప్రింటరుదా?"

నవ్వుతూ రాగిపిండి తెమ్మన్నాను. చిటికెడు వేసి, వంచకముందే పిండి చీలికలోంచి నా అరచేతిలో రాలింది.

"ఎట్లా చీలింది తాతా?"

నాయనకు చెప్పని మాట వాడికి చెప్పాను.