మా దీవిని ముంచొద్దు

మీ ఊరేదని అడిగితే మేళ్లచెరువు అని చెప్తాం. మా పేరు విన్నాక రెండో ప్రశ్న వస్తుంది: 'అది సరే, అసలు ఎక్కడివాళ్లు మీరు?' అసలు అంటే ఏమిటి? అరబ్బు దేశమా, తురక దేశమా, పాకిస్తానా? మా తాతలు, వాళ్ల తాతలు ఈ సున్నపురాతి నేలలోనే పడుకొని ఉన్నారు. అంతకు మించిన అసలు మాకు లేదు. అడిగి అడిగి మీరు అలసిపోయారో లేదో గానీ, చెప్పి చెప్పి మేం అలసిపోయాం. అందుకని ఈసారి మా ఊరినీ, ఊళ్లో మా వాడనీ మీకు చూపించదలచుకున్నాం.

మేళ్లచెరువు కృష్ణకు ఈవలి ఒడ్డు ప్రాంతం. కోదాడ, హుజూర్‌నగర్ దగ్గరి పట్నాలు. 2016 దాకా నల్లగొండ జిల్లా, అప్పటినుంచి సూర్యాపేట జిల్లా. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ ఈ తట్టు పొలాల రంగు మార్చింది. నేల అడుగున సున్నపురాయి ఉండబట్టి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. ఊరికి పెద్ద దిక్కు శంభులింగేశ్వరస్వామి. శివరాత్రి జాతరకు ప్రభలు కడతారు, ఎడ్ల పందేలు పెడతారు, ఎక్కడెక్కడి జనమో వచ్చి పడతారు. మేళ్లచెరువు అంటే బయటివాళ్లకు తెలిసినవి ఈ రెండే: గుడి, సిమెంటు. మేమూ ఉన్నామని ఎవరికీ తట్టదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నల్లగొండ జిల్లా మొత్తంలో నూటికి అయిదారుగురం. ఒక మసీదు, ఒక పీర్లచావిడి, ఒక ఖబరస్తాన్, కొద్ది ఇళ్లు. ఇదీ మా దీవి.

దీవి అనగానే మీరు నీళ్లు వెతుకుతారు. కృష్ణలో అలాంటి దీవి లేకపోలేదు. గద్వాల దగ్గర గుర్రంగడ్డ ఉంది. రెండు పాయల నడుమ ఊరు, ఊరి చుట్టూ నది. కానీ మా పక్కనే నీళ్లులేని దీవి ఒకటుండేది. అదే మునగాల పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మునగాల మాత్రం ఇంగ్లీషోళ్ల కృష్ణా జిల్లా. అదే మట్టి, అవే వాగులు, అదే మాట. అయినా ఈ పొలానికి ఒక సర్కారు, గట్టు దాటితే ఇంకో సర్కారు. తెలంగాణ సాయుధ పోరాటంలో నిజాం పోలీసుల నుంచి తప్పించుకున్నవాళ్లకు ఆ గీతే నీడయింది. 1959లో మునగాలను నల్లగొండ జిల్లాలో కలిపారు. కాగితం మీద గీసిన గీత కాగితం మీదే చెరిగిపోయింది.

మా చుట్టూ ఉన్నది కూడా అలాంటి గీతే. కాకపోతే అది ఏ కాగితం మీదా లేదు. అందుకే చెరపడం కష్టమవుతోంది.

మా వాడకు వచ్చి చూడండి. గీత మీకు కనిపించదు. కోడిని కోయాలన్నా, మేకను కోయాలన్నా ఊళ్లో సగం ఇళ్లవాళ్లు ముల్లాసాబును పిలుస్తారు. ఆయన బిస్మిల్లా అని కోస్తేనే ఆ కూర వాళ్లకు కూర. మా దూదేకులవాళ్లు ఏకి కుట్టిన పరుపుల మీద అన్ని కులాలవాళ్లూ నిద్రపోయారు. ఊళ్లో మాకు వరసలున్నాయి. రెడ్డి ఇంట్లో మా అబ్బా 'సాయిబు మామ', గొల్లలకు మా అమ్మీ 'అక్క'. శివరాత్రి జాతరలో మా పిల్లలు తినని మిఠాయి లేదు. మొహర్రం వస్తే అలావా చుట్టూ ఎగిరేవాళ్లలో మావాళ్ల కంటే వాళ్లే ఎక్కువ. పీరును ఎత్తేది ఒక కులం, డప్పు కొట్టేది ఒక కులం, ఊదు వేసేది మేం. మలీద అందరిదీ.

పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఏటా జనవరిలో ఉర్సు. గంధం ఊరేగింపులో ఎవరు ఎవరో పోల్చలేం. పిల్లలు పుట్టాలని అక్కడ మొక్కుకుంటారు, పుడితే సైదులు బాబా పేరు పెట్టుకుంటారు. అందుకే మా జిల్లాలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, జానయ్య అన్న పేర్లు ఏ వాడలో పిలిచినా పలుకుతాయి. పేరును బట్టి మతం చెప్పడం మా జిల్లాలో సాధ్యం కాదు. ఈ సంగతి నగరానికి తెలియదు. చదువుకోను పోయి అక్కడ గది అడిగిన మా ఊరి సైదులుకు ఒక ఇంటాయన ముఖం చిట్లించాడు. 'మేం గౌండ్లోళ్లం' అన్నాక తాళంచెవి చేతికొచ్చింది. అదే వీధిలో మేం కూడా గది అడిగాం. అలా చెప్పుకోను మాకు ఇంకో మాట లేదు.

ఈ గీత ఎప్పుడు పడింది? 1948 అంటారు కొందరు. రజాకార్లు ఊళ్ల మీద పడ్డ మాట నిజం. వాళ్లు చేసిన దుర్మార్గాన్ని మేం ఏనాడూ వెనకేసుకు రాలేదు. కానీ రజాకారు అనగానే మా ముఖాల వైపే ఎందుకు చూస్తారు? 1940లో విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఎవరు? 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఎవరు? మఖ్దూం ఎవరు? పోలీసు చర్య తర్వాత ఏమైందో చూసి రమ్మని పండిట్ సుందర్‌లాల్ కమిటీని పంపారు. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా వేసింది. ఎక్కువ ఘోరం జరిగింది మరాఠీ, కన్నడ జిల్లాల్లో. ఆ నివేదికను జనం చూడటానికి 2013 దాకా పట్టింది. దానికంటే ముందే మా నానీమా చనిపోయింది. ఆ రోజుల గురించి అడిగితే ఆమె పేలాలు వేయిస్తూ కూచునేది, జవాబు చెప్పేది కాదు. నల్లగొండ పోరాట కథలు పుస్తకాలకెక్కాయి. ఆ మౌనం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

1992 డిసెంబరు 6 తర్వాత గీత లావెక్కింది. అంతకుముందు సాయిబులం, ఆ తర్వాత ముస్లింలం. క్రికెట్టు ఆట రోజు మా ముఖాలు చూసేవాళ్లు మొదలయ్యారు. మరోవైపు దీన్ చెప్పవచ్చిన పెద్దలు పీర్లను బిద్అత్ అన్నారు, దర్గాకు పోవద్దన్నారు. మీ ఉర్దూ ఉర్దూనా అని నగరంలోని మావాళ్లే నవ్వారు. నిజమే, మాది తెలుగు కలిసిన తురకం. ఉర్దూ రాయడం మాలో చాలామందికి రాదు. మేం అక్షరాలు దిద్దింది తెలుగులో, ఏడ్చిందీ తెలుగులోనే. ఖురాన్‌ను మొదట తెలుగు చేసింది చిలుకూరి నారాయణరావు అనే పండితుడు. మా భాషలో మా గ్రంథం మా చేతికందింది అలా. ఒకరు మమ్మల్ని సగం ముస్లింలంటే, ఇంకొకరు సగం తెలుగువాళ్లంటారు. సగాలు కలిపి లెక్క కట్టే ఓపిక మాకు లేదు. మేం పూర్తిగా రెండూ.

మా దీవిలో మాత్రం అందరూ సమానమా? కాదు. సయ్యదులు దూదేకులవాళ్లకు పిల్లనివ్వరు. దూదేకులవాళ్లు బీసీ-బిలో ఉన్నారు. ఇంకో పద్నాలుగు తెగలకు 2007లో బీసీ-ఇ కింద 4 శాతం వచ్చింది. ఆ 4 శాతం కాగితం పట్టుకొని మా వాడ పిల్లలు ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కారు. దాని మీద కోర్టుల్లో కేసులు నడుస్తూనే ఉన్నాయి. మతం పేరుతో ఇచ్చారంటారు. సైకిలు పంక్చర్లు వేసిన చేతులకు మతమేమిటి?

దీవి గురించి ఇంత చెప్పడం ఎందుకంటే, దీవికి రెండు గతులుంటాయి. కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరులో మొదలైంది. 45.77 టీఎంసీల నీళ్లు. డెల్టా పొలాలకు మేలు. ఈ ఒడ్డున అప్పటి మా మండలంలోని అడ్లూరు, వెల్లటూరు, నెమలిపురి లాంటి ఊళ్లు ముంపుకు పోయాయి. ఇళ్లకు లెక్క కట్టారు, చెట్లకు లెక్క కట్టారు. గుడి, మసీదు, పీర్లచావిడి కొత్త కాలనీల్లో మళ్లీ కట్టుకోవచ్చు. పాత ఊళ్లో మట్టి చేసిన మనుషులను ఎక్కడికి తెచ్చుకుంటారు? ముంపు అంటే ఏమిటో మా తట్టు అందరికీ తెలుసు, హిందువుకీ తెలుసు, ముస్లింకీ తెలుసు.

మాతో కలిసిపొమ్మని మీరు అంటారు. ప్రధాన స్రవంతి అంటారు. ఎంత చక్కటి మాట! స్రవంతి అంటే ఏరే కదా. ఏట్లో కలవడమంటే మా పేరు, మా తిండి, మా అజా, మా పీరు, మా తురకం అడుగుకు పోవడమా? అట్లయితే అది కలపడం కాదు, ముంచడం. మునగాల నల్లగొండలో కలిసినప్పుడు దాని పేరు పోలేదు, పంట పోలేదు, మనుషులు మారలేదు. గీత ఒక్కటే పోయింది. మేం అడిగేది అదే. గుర్రంగడ్డవాళ్లు అడిగింది కూడా వంతెననే. ముంపు పరిహారం కాదు.

ఉర్దూలో మాకు 'హమ్' ఒక్కటే మాట. తెలుగులో రెండున్నాయి, మేము, మనము. ఇంత దూరం మేం మేము అనే రాశాం. మీరు అసలు ఎక్కడివాళ్లని అడిగినన్నాళ్లు అలాగే రాస్తాం. రెండో మాట మాకు రాక కాదు. అది ఒక్కరం అంటే సరిపోయే మాట కాదు. మీరూ అనాలి.