సందు కుక్క ఒప్పుకుంటేనే కాపురం!

బ్యాంకాక్ అనగానే మన కుర్రకారుకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి సినిమా పాటలు, రెండోది పూరి జగన్నాథ్ అక్కడ కూర్చుని రాసుకునే కథలు! నాలుగు రోజులు చుట్టేసి వచ్చేవాళ్లకి ఆ ఊరు పాటలాగే కనిపిస్తుంది. మరి ఉద్యోగమనో, పెళ్లనో, రిటైరయ్యామనో అక్కడే మకాం పెట్టిన పరదేశీయుల మాటేమిటి? వాళ్ల కష్టాలు కదిపి చూడండి. వీసా గొడవ అయిపోగానే వచ్చే మాట... కుక్కలు!

థాయ్ భాషలో సందుని 'సోయి' అంటారు. సోయి మొదట్లో నారింజ రంగు కోటు తొడిగిన మోటార్ సైకిల్ టాక్సీ కుర్రాళ్లు, పక్కనే నూడిల్స్ బండి, ఆ పక్కన సెవెన్ ఇలెవెన్ కొట్టు. తలుపు తెరిచినప్పుడల్లా వచ్చే ఏసీ గాలి కోసం కొట్టు గుమ్మంలోనే పడుకున్న ఓ కుక్క! వచ్చేపోయే వాళ్లు దాన్ని దాటుకుని వెళ్తారే గాని అదిలించరు. చలికాలమొస్తే ఎవరో ఓ పాత బనీను కూడా తొడుగుతారు.

ఇంతకీ ఆ కుక్క ఎవరిది? అందరిదీను, ఎవరిదీ కాదు! పెంచలేని పిల్లల్ని జనం బౌద్ధ ఆలయంలో వదిలిపోతారు. భిక్షలో మిగిలిన అన్నం భిక్షువులు వాటికి పెడతారు. ప్రాణం తీయడం పాపం గనక వాటి జోలికి ఎవరూ పోరు.

పగలంతా కుంభకర్ణుడి నిద్ర పోయే ఈ శాల్తీలు అర్ధరాత్రి దాటితే సందుకి కొత్వాళ్లు! కొత్త మొహం కనబడిందా, గుంపు కడతాయి. పొరుగింటాయనతో మొరపెట్టుకుంటే నవ్వేసి 'మై పెన్ రై' అంటాడు, ఫర్వాలేదు లెండి అని. ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టకూడదనే మొహమాటానికి అక్కడ 'క్రెంగ్ జాయ్' అని ఓ పేరే ఉంది. ఆ మొహమాటం కొద్దీ ఆయన కూడా ఎవర్నీ ఏమీ అనడు.

కాగితాల లెక్క చూస్తే పరదేశి ఎప్పుడూ పరదేశే. దీర్ఘకాలం ఉండేవాళ్లు 90 రోజులకోసారి ఫలానా చోట ఉంటున్నామని చెప్పుకోవాలి. సొంత పేరున నేల కొనడం మామూలుగా కుదరదు. ఫ్లాట్లయినా ఒక భవనంలో 49 శాతం దాటి విదేశీయుల చేతిలో ఉండకూడదు. తెల్లవాళ్లని 'ఫరాంగ్' అంటారు, మనవాళ్లని 'ఖేక్' అంటారు. ఆ మాటకి అతిథి అని అర్థం. ఇరవై ఏళ్లున్నా అతిథే!

సోయి కుక్కకి మాత్రం ఈ లెక్కలు తెలియవు. పరిగెత్తకుండా, కళ్లలోకి గుచ్చి చూడకుండా రోజూ అదే వేళకి నెమ్మదిగా నడిచిపోతే, కొన్నాళ్లకి ఒక్క కన్ను తెరిచి మళ్లీ మూసేస్తుంది. అంతే, పౌరసత్వం వచ్చినట్టే! అది మొరగని మనిషిని నూడిల్స్ బండి ఆవిడ కూడా 'అన్నం తిన్నావా?' అని పలకరిస్తుంది.

ఇంతవరకు సరదా. అసలు భయం రేబిస్. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కరిచినా, గోరు గీరినా వెంటనే పావుగంట సబ్బునీళ్లతో కడిగి, ఆ రోజే సూది వేయించుకోవాలి. తక్కువ మందుతో, చర్మంలోకి వేసే పద్ధతిని ప్రపంచానికి నేర్పింది థాయ్ రెడ్‌క్రాసే. మన దేశంలోనూ ఆ దారిలోనే టీకా వేస్తున్నారు.

అన్నం పెట్టే చేతులున్నాయి గాని, కుక్కకి టీకా వేయించే చేతులు చాలలేదు. ఆ పని తలకెత్తుకున్న వాళ్లలో పరదేశీయులున్నారు. 2003లో ఫుకెట్‌లో 'సోయి డాగ్ ఫౌండేషన్' మొదలైంది. స్థాపకుల్లో ఒకరైన జిల్ డాలీ అనే ఇంగ్లీషు వనిత 2004లో ఓ కుక్కని కాపాడబోయి, బురదనీటిలో సోకిన జబ్బుతో రెండు కాళ్లూ పోగొట్టుకుంది. కృత్రిమ కాళ్లతో 2017లో కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు. కుక్కని పట్టుకోవడం, ఆపరేషన్ చేసి టీకా వేయడం, తిరిగి ఆ సందులోనే వదలడం... ఇదీ వాళ్ల పద్ధతి.

అన్నట్టు, సోయి కుక్కలు తెరకెక్కాయి కూడా! రోడ్డు దాటి అవతల సుఖపడాలని బయల్దేరిన వీధి కుక్కల కథే 2007 నాటి 'మిడ్ రోడ్ గ్యాంగ్'. భూమిబోల్ రాజు చేరదీసిన వీధి కుక్కపిల్ల థాంగ్‌డేంగ్ మీద ఆయనే 2002లో పుస్తకం రాశారు. 2015లో అది కార్టూన్ చిత్రమైంది.

మన వీధి చివర కుక్కకీ ఓ పేరుంది, బిస్కెట్ వేసే చెయ్యీ ఉంది. టీకా ఎప్పుడు వేశారో మాత్రం అడిగి చూడండి... ఎవరు చెబుతారో!