క్రిమి చావాలి, కణం బతకాలి

మంట పుడితేనే మందు పనిచేసినట్టని మన ఇళ్ళలో ఒక నమ్మకం. టింక్చర్ అయోడిన్ వేస్తే కెవ్వుమనాలి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ పొంగాలి. అప్పుడే పెద్దవాళ్ళకి తృప్తి!

కానీ సూక్ష్మజీవి ఒక కణమైతే, మన ఒళ్ళూ కణాల సముదాయమే కదా? ఒకదాన్ని చంపే విషం రెండోదాన్ని ఎందుకు వదిలిపెడుతుంది? 1865లో గ్లాస్గోలో లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కుళ్ళకుండా కాపాడాడు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి, కానీ ఆ ఆమ్లం చర్మాన్నీ కాల్చేది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల గాయాలను పరీక్షించిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, లోతైన గాయాల్లో ఇలాంటి మందులు క్రిములకన్నా మన తెల్లరక్తకణాలనే ఎక్కువగా దెబ్బతీస్తున్నాయని చూపించాడు.

ఆ యుద్ధకాలంలోనే, 1915లో, హెన్రీ డేకిన్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త ఒక దారి కనిపెట్టాడు. బ్లీచింగ్ ద్రావణంలోని క్షారం గాయాన్ని మండిస్తోందని గ్రహించి, బోరిక్ ఆమ్లంతో దాన్ని తగ్గించి, హైపోక్లోరైట్‌ను 0.5 శాతం దగ్గర నిలిపాడు. 1950ల్లో వచ్చిన పోవిడోన్ అయోడిన్‌ది ఇంకో ఉపాయం. అందులో ఒక పాలిమర్ అయోడిన్‌ను పట్టి ఉంచి, పొదుపరి ఇల్లాలు నూనె పోసినట్టు కొంచెం కొంచెంగా వదులుతుంది.

అయినా కథ అక్కడితో అయిపోలేదు. 1985లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ప్రయోగశాలలో పెంచిన మానవకణాలను 1 శాతం పోవిడోన్ అయోడిన్ చంపేసింది. డేకిన్ ఎంచిన 0.5 శాతం హైపోక్లోరైట్ కూడా చంపేసింది! మొదటిదాన్ని 0.001కి, రెండోదాన్ని 0.005కి పలచన చేస్తే కణాలు బతికాయి, బాక్టీరియా చచ్చింది. అలాగని ఇంట్లో మనమే నీళ్ళు కలిపేసుకోమని కాదు. గాజుపాత్రలో ఉండని చీమూ నెత్తురూ పుండులో ఉంటాయి, అవి మందు బలాన్ని తినేస్తాయి.

ఇదంతా నాకు పుస్తకాల సంగతి మాత్రమే కాదు. మా నాన్నగారు షుగర్ మనిషి. కాలి పుండు మీద రోజూ పెరాక్సైడ్ పోసుకునేవారు. నెలలు గడిచినా పుండు మానలేదు. చివరికి ఒక నర్సమ్మ, "కొత్త చర్మం పుడుతుంటే మీరే చంపేస్తున్నారండీ" అని సీసా పక్కన పెట్టించి, సెలైన్‌తో కడగడం నేర్పింది. డాక్టరుగారు షుగర్ అదుపులోకి తెచ్చారు. మెల్లగా పుండు ఆరింది, కాలు దక్కింది.

మన లాబుల్లో క్రిమిసంహారకాన్ని పరీక్షించినప్పుడల్లా "క్రిమి చచ్చిందా?" అని మాత్రమే అడుగుతాం. "కణం బతికిందా?" అన్నది కూడా రికార్డు పుస్తకంలో ఒక గడి కావాలి. జంతుశాస్త్రం మిత్రులెవరైనా కలిసొస్తే, వచ్చే ఏడు ప్రాజెక్టుకి నేను సిద్ధం!