మొగలాకు తాకితే... మెరిసే భరిణె!

మూత తీస్తే ‘టప్’మని చిన్న చప్పుడు. లోపల ఎర్రటి కుంకుమ. పైన వేలు జారిపోయేంత నునుపు. దేవుడి గూట్లో కనిపించే ఆ లక్క భరిణెలకు పేరుపడ్డ ఊరు చూడాలంటే విశాఖపట్నం నుంచి తుని వైపు జాతీయ రహదారి మీద సుమారు 65 కిలోమీటర్లు వెళ్లాలి. యలమంచిలి దాటాక లోపలికి తిరిగితే చెరకు తోటలు, వరి చేలు, వరాహ నది. ఆ ఒడ్డునే ఉంది ఏటికొప్పాక. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలో ఉంది.

ఊళ్లో అడుగుపెడితే ముందు పలకరించేది రంగులు కాదు... చప్పుడు. గిర్రున తిరిగే లేత్ మిషన్లు, కర్రను గీరే ఉలి, గాల్లోకి లేచే తెల్లటి పొట్టు. ఒకప్పుడు తాడు లాగి తిప్పేవారు, తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. చిన్నప్పుడు అమ్మాయిలు గుజ్జెనగూళ్లు వండుకున్న లక్కపిడతలు ఈ ప్రాంతంలో తయారైనవే. ఇక్కడికి కాస్త దూరంలోని నక్కపల్లికీ వాటితో పేరొచ్చింది.

కుంచె లేని రంగు

చెక్క బొమ్మకు రంగంటే కుంచె పనే అనుకుంటాం. కొండపల్లిలో అంతే. తెల్లపొణికి చెక్కను చెక్కి, ముక్కలు అతికి, కుంచెతో రంగులద్దుతారు. ఏటికొప్పాక దారి వేరు. ఇక్కడి కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. బాగా ఆరబెట్టాక మిషనుకు బిగించి తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. మూత మీద గోపురంలాంటి పిడి, దాని కింద పూసలు, నడుం చుట్టూ సన్నని గాడులు... భరిణె అందమంతా ఈ నగిషీలోనే. ఇబ్బందీ అక్కడే! కుంచెతో వేస్తే ఆ సందుల్లో రంగు గడ్డకడుతుంది, అంచుల మీద పలచబడుతుంది.

అందుకే లక్క. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురు అది. బొగ్గుల కుంపటి మీద వేడిచేసి, రంగు కలిపి, జీళ్ల పాకం లాగినట్టు సాగదీసి మడిచి మళ్లీ సాగదీస్తారు. రంగు అంతటా సమంగా పట్టాక కడ్డీలుగా చుడతారు. తిరుగుతున్న భరిణెకు ఆ కడ్డీని ఆనిస్తే చాలు... రాపిడికి వేడి పుట్టి, లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. మహాభారతంలో పాండవుల లక్క ఇంటికి చేటు తెచ్చింది నిప్పుకు నిలవని ఈ గుణమే. ఇక్కడ మాత్రం అదే కూడు పెడుతోంది!

వినడానికి తేలికే. గట్టిగా నొక్కితే లక్క మరీ కరిగి చెదిరిపోతుంది. మెల్లగా ఆనిస్తే పొడిపొడిగా రాలుతుంది. సన్నని గీతకు కడ్డీ మొన, వెడల్పు పట్టీకి దాని పక్క. ఎంత నొక్కాలో చెప్పే కొలత ఏదీ లేదు, చెయ్యే చెప్పాలి. చివరగా ఎండిన మొగలాకు. మడిచి, తిరుగుతున్న లక్క మీద అదిమి పడితే ఎగుడుదిగుళ్లు సర్దుకుని అద్దంలా మెరుస్తుంది. వార్నిష్ అక్కర్లేదు. భరిణెకు మాత్రం ఇంకో పరీక్ష ఉంది. మూతా అడుగూ కలిసేచోట లక్క కాస్త మందమైతే మూత బిగుసుకుపోతుంది, కర్ర కాస్త ఎక్కువ తీస్తే వదులైపోతుంది. ‘టప్’మన్న ఆ చప్పుడు ఊరికే రాదు!

పసుపు, జాఫ్రా, నీలిమందు

ఇంత పనితనమూ ఒక దశలో రసాయన రంగుల పాలైంది. చవక, తళుకు ఎక్కువ, శ్రమ తక్కువ. కానీ లక్కపిడతతో ఆడుకునే పసివాడు దాన్ని ముందు నోట్లోనే కదా పెట్టుకుంటాడు! ముదురు పసుపు, ఎరుపునిచ్చే కొన్ని రసాయన రంగుల్లో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడుకు చేటు. ఈ ఊరివాడైన సి.వి.రాజు కళాకారులతో కలిసి పాత దారిని మళ్లీ వెతికారు. పసుపు కొమ్ముల నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. పసుపూ నీలమూ కలిస్తే ఆకుపచ్చ. ఆ కృషికి 2023లో పద్మశ్రీ దక్కింది. అంతకుముందే 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఢిల్లీ కర్తవ్యపథ్‌పై మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలతోనే సాగింది.

పేరు వచ్చింది. మరి కర్ర? అంకుడు తోటల్లో పెంచే పంట కాదు, చుట్టుపక్కల అడవుల్లోంచి రావాలి. అది ఏటికేడు దొరకడం కష్టమవుతోంది. నరికిన మోడు నుంచి మళ్లీ చిగురించే చెట్టే అయినా, చిగురు కర్రయ్యేదాకా ఆగాలి కదా. సహజ రంగుకు ఖర్చూ శ్రమా ఎక్కువ. పక్కన ప్లాస్టిక్ డబ్బా పది రూపాయలకే దొరుకుతుంటే, భరిణె ధర విని వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. బేరం తెగని ప్రతిసారీ, తన కొడుకుకు ఉలి ఇవ్వాలా వద్దా అని కళాకారుడు మరోసారి ఆలోచిస్తాడు.

వెళితే తయారీని దగ్గరుండి చూడండి. ఏ రంగు దేనితో చేశారో అడగండి. మరీ మిరుమిట్లు గొలిపే రంగైతే మరోసారి అడగండి, తప్పులేదు. ఇంటికి తెచ్చాక ఎండ తగిలే కిటికీలో మాత్రం పెట్టొద్దు, పసుపు రంగు వెలిసిపోతుంది. స్పిరిట్, శానిటైజర్ తగలనివ్వొద్దు, లక్క కరుగుతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు... మొగలాకు ఇచ్చిన మెరుపు ఏళ్ల తరబడి నిలుస్తుంది.