రెండో జత

సైకిలు మీద పనికి పోయే మనిషికి రెండు జతల బట్టలు ఉండాలి. ఒకటి ఒంటి మీద, ఒకటి సంచిలో. బస్సు పాసుతో చదువు ముగించిన మిత్రులకు ఇందులో రాయదగ్గ విశేషం ఏముందని అనిపించవచ్చు. కాని ఏ మనిషి ఏ జత తొడుక్కుని బయలుదేరతాడు, ఏ జత సంచిలో పెడతాడు అనేది చూస్తే ఆ మనిషి గురించి చాలా తెలుస్తుంది. పూర్వవిద్యార్థిగా సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ వారు అడిగారు కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను.

మాది కోనసీమలో పి.గన్నవరం. గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించడానికి కాటన్ దొర హయాంలో కట్టిన అక్విడక్టు మా ఊరికి గుర్తు. నా చిన్నతనంలో, అంటే 1970లలో, తెల్లవారేసరికి ఏటి అవతలి ఊళ్ల నుంచి దాని మీదుగా సైకిళ్లు బారులు తీరి వచ్చేవి. ప్రతి సైకిలు వెనకా ఒక సంచి. బూరుగులంక, ఉడిమూడిలంక వంటి లంకల వాళ్లది మరో యాతన. వరద రోజుల్లో సైకిలుతో సహా పడవెక్కి, సంచిని నెత్తిన పెట్టుకుని ఒడ్డు చేరేవారు. సైకిలు తడిసినా ఫరవాలేదు, సంచి తడవకూడదు!

ఈ సంచుల వాళ్లలో రెండు తెగలు. మా వీధి చివర ఒక గుమాస్తాగారు ఉండేవారు. లుంగీ, బనీనులతో సైకిలు తొక్కి, ఆఫీసు దాకా వెళ్లాక ఇస్త్రీ చొక్కా, ప్యాంటు తొడిగేవారు. మా నాన్నది సరిగ్గా తలకిందులు. ఇంటి దగ్గర తెల్లచొక్కా తొడిగి, తల నున్నగా దువ్వి, 7, 8 కిలోమీటర్ల దూరంలోని అంబాజీపేట వెళ్లేవాడు. అక్కడ చొక్కా విప్పి మడిచి, సంచిలోంచి మరకల నిక్కరు, చిరుగుల బనీను తీసేవాడు. ఆయన కొబ్బరికాయలు ఒలిచేవాడు. నేలలో నిలువుగా పాతిన గునపం మొనకు కాయను గుచ్చి, ఒక మెలి తిప్పి డొక్క ఊడదీయడం ఆ పని. డొక్క రసం బట్టకు అంటితే గోధుమరంగు మరక పడుతుంది. సబ్బుకు పోదు, ఎండకు పోదు. అందుచేత పని బట్ట పని బట్టే. అది పండక్కి పనికిరాదు, పెళ్లికి పనికిరాదు.

దారిలో ఒక పెద్దమనిషి అరుగు మీద కూర్చుని ఉండేవారు. నేను వెనక కారియర్ మీద ఉండగానే ఒకరోజు ఆయన అడిగారు. “ఏరా, కాయలు ఒలవడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకురా?” మా నాన్న సైకిలు దిగాడు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి, నలుగురు పిల్లల తండ్రి. “ఒలవడానిక్కాదండి బాబూ, రోడ్డు మీద రావడానికండి” అన్నాడు. మళ్లీ ఎక్కి తొక్కసాగాడు. కొంత దూరం పోయాక నాతో, “పని అంబాజీపేటలో ఉందిరా అబ్బాయ్, దారంతా లేదు కదా!” అన్నాడు. అంతే. ఆ తరవాత కూడా చొక్కా మారలేదు, అరుగు మీది ‘ఏరా’ కూడా మారలేదు. ఎవరిది వారు పట్టుదలగా నడిపించుకున్నారు.

1927 డిసెంబరులో మహద్‌లో డాక్టర్ అంబేడ్కర్ స్త్రీలతో మాట్లాడుతూ, కట్టును బట్టి కులాన్ని గుర్తుపట్టే వీలు ఎవరికీ ఇవ్వొద్దని, ఉన్న బట్టనే శుభ్రంగా కట్టుకోమని చెప్పారు. మా నాన్న ఆ ఉపన్యాసం చదివినవాడు కాదు, ఆయనకు సంతకం మటుకే వచ్చు. చదవకుండానే ఆచరించాడు. మా జిల్లా ఈనాడు అంబేడ్కర్ పేరు మోస్తోంది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఆ తెల్లచొక్కా గుర్తుకొస్తుంది.

తరవాత అమలాపురంలో డిగ్రీ చదువు నా వంతుకు వచ్చింది. సుమారు 15 కిలోమీటర్లు, అదే సైకిలు. నేను గుమాస్తాగారి తెగలో చేరాను. ఇందులోని విద్యలు కుర్రకారుకు ఉపయోగిస్తాయని చెబుతున్నాను. చొక్కాను నాలుగు మడతలు చేసి కారియర్ స్ప్రింగు కింద నొక్కితే ఇస్త్రీ అంతా దండగ. ఒక అట్టను నడుమ పెట్టి, దాని చుట్టూ చొక్కాను వదులుగా మడిచి, పైన తువ్వాలు చుట్టాలి. దాన్ని యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరులో పెడితే వాన దిగులుండదు. అన్నం క్యారేజీ ఎప్పుడూ హ్యాండిల్‌కే. బట్టల పక్కన పెడితే ఆ రోజు క్లాసులో మీరు పప్పుచారు వాసన వేస్తారు. ప్యాంటు తొడిగే తొక్కాలంటే మడమ దగ్గర క్లిప్పు తప్పదు, లేకపోతే చైను గ్రీజు తినేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, సైకిలు దిగిన వెంటనే బట్ట మార్చకూడదు. పది నిమిషాలు నీడన నిలబడి, తడి తువ్వాలుతో మెడ, చేతులు తుడుచుకుని, చెమట ఆరాక మార్చాలి. నెదర్లాండ్స్‌లో మనుషులకన్నా సైకిళ్లే ఎక్కువ. ఆ దేశమూ మా కోనసీమలాగే పల్లపు నేల, కాలవల సీమ. కాని అక్కడి చల్లదనం మనకు లేదు. ఇక్కడ మనం తెచ్చుకునే రెండో జత సోకు కాదు, అవసరం.

ఎక్కడ మార్చుకునేవాడివి అని అడుగుతారేమో. కాలేజీ దారిలో ఒక దర్జీ తన కొట్లో తెర చాటున చోటిచ్చేవాడు. రోజూ నవ్వుతూ, “రండి పెళ్లికొడుకుగారూ” అనేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ మూడేళ్లు నేను నలగని చొక్కాతో ముందు బెంచీలో కూర్చున్నానంటే ఆ తెర చలవే.

అందరికీ ఆ తెర దొరకదు. మా నాన్న చెట్టు చాటున బట్ట మార్చుకోగలిగాడు, మగవాడు కాబట్టి. మా అమ్మ నాట్లకు పోయేది. ఆవిడకూ సంచి ఉండేది, అందులో పొడిచీర ఉండేది. మార్చుకునే చాటు లేక, మోకాళ్ల దాకా బురదపట్టిన తడిచీరతోనే ఊళ్లోంచి నడిచి వచ్చేది. పొడిచీర మడత నలక్కుండా ఇల్లు చేరేది. “రేపటికి పనికొస్తుందిలే” అనేది. రేపు కూడా అంతే!

ఇది చట్టానికి తెలియని సంగతి కాదు. పనివేళల్లో తొడగని బట్టలు దాచుకోవడానికి, తడిబట్టలు ఆరేసుకోవడానికి చోటు ఉండేలా ప్రభుత్వాలు నిబంధనలు చేయవచ్చునని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 43వ సెక్షనులోనే ఉంది. దాని స్థానంలోకి తెచ్చిన 2020 నాటి కార్మిక కోడ్‌లోనూ ఆ మాట ఉంది. కాని నాట్ల చేనుకు, రోడ్డుపక్క కాయల రాశికి ఆ సెక్షను నడిచి రాదు. కేరళలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి అడగ్గా, 2018లో చట్టం మారింది. అడిగితేనే అది వచ్చింది.

సైకిళ్ల కాలం పోయిందంటారు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిలు ఉంది. సైకిలు పోయి మోపెడ్ వచ్చినా, ఆటో వచ్చినా సంచి పోలేదు. నమ్మకపోతే మీ కాలేజీ గేటు దగ్గర ఉదయం ఏడింటికి నిలబడి చూడండి. ఊడ్చే ఆడవాళ్లు, మెస్సు కుర్రాళ్లు, కొత్త భవనం కడుతున్న తాపీవాళ్లు వస్తుంటారు. ప్రతి చేతిలో ఒక సంచి. వాటిలో ఏముందో మీకిప్పుడు తెలుసు. ఆ బట్టలు ఎక్కడ మార్చుకుంటున్నారో ఒకసారి అడగండి.

యూనియన్ వారికి నా విన్నపం పెద్దది కాదు. యేటా ఆడిటోరియంకు రంగులు వేయిస్తారు, వేయించండి. దానితోపాటు ఒక చిన్న గది, పది కొక్కేలు, ఒక కుళాయి, ఆడవాళ్లకు వేరుగా మరొకటి అడిగి సాధించండి. ఒక్క మాట మాత్రం మరవొద్దు, ఆ గదులకు గడియ లోపలివైపు ఉండాలి.