నేనుండని ఇంటికి నా సంతకం

2022 జనవరిలో మా తమ్ముడు మియాపూర్‌లో 65 లక్షలకు ఒక పాత ఫ్లాటు బేరం కుదుర్చుకున్నాడు. 50 లక్షల లోను కావాలి, వాడి ఒక్కడి జీతం మీద బ్యాంకు అంత ఇవ్వనంది. నేనేమో బెంగళూరులో ఉద్యోగం, అద్దె ఇల్లు. ఆ ఫ్లాటులో ఉండబోయేది వాడూ, మరదలూ, అమ్మానాన్నా. "నువ్వు కో-అప్లికెంటుగా సంతకం పెడితే చాలక్కా, మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నాడు.

చాలదన్నాను. లోను కాగితాల్లో పేరుండి దస్తావేజులో లేకపోతే అప్పంతా నెత్తిమీదుంటుంది, ఇంట్లో ఒక్క ఇటుకా మనది కాదు, పన్ను మినహాయింపూ రాదు. ఆడపిల్లల చేత ఇలాంటి సంతకాలు మనవాళ్లు మహా తేలిగ్గా పెట్టించేస్తారు. అక్కాతమ్ముళ్ల జాయింటు లోనంటే కొన్ని బ్యాంకులు వెనకాడతాయి. అయినా పట్టుబట్టి, ఒప్పుకునే బ్యాంకు వెతుక్కుని, ఇద్దరి పేర్లా రిజిస్ట్రేషను చేయించుకున్నాం.

వాడికి 60, నాకు 40 శాతం అని దస్తావేజులోనే రాయించాం. రాయకపోతే ఎవరెంత పెట్టారో రుజువు చూపించాలి, చూపించలేకపోతే సగం సగమనే చట్టం లెక్క. ఆ 60 ఊరికే పెట్టింది కాదు. 6.75 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు, ఈఎంఐ 38,018. మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 3.34 లక్షలు. అందులో 60 శాతం అంటే రెండు లక్షలు. పాత పన్ను విధానంలో సొంతింటి వడ్డీకి ఒక్కొక్కరికి ఇచ్చే మినహాయింపు అంతవరకే. ఉద్యోగం వేరే ఊళ్లో కాబట్టి నా వాటా వడ్డీనీ నేను చూపించుకున్నాను. కొత్త విధానానికి మారాక అది పోయింది. పన్ను కోసమే జాయింటు లోను తీసుకునేవాళ్లు ఈ సంగతి ముందు చూసుకోవాలి.

పన్ను సంగతి సరే, పేచీ వచ్చింది అద్దె దగ్గర. అలాంటి ఫ్లాటుకి అప్పట్లో 22 వేల అద్దె. నా 40 శాతానికి 8,800. నెలకు 15,207 కడుతూ, ఆ ఇంట్లో ఉండకుండా, అద్దే తీసుకోకపోతే ఆ 8,800 నెలనెలా తమ్ముడి చేతిలో పెడుతున్నట్టే. భోజనాల దగ్గర ఈ మాటెత్తితే అమ్మ పప్పు గరిటె గిన్నెలో పడేసి, "మేముంటున్న ఇంటికి వాడి దగ్గర అద్దె వసూలు చేస్తావుటే?" అంది. నాన్న మజ్జిగన్నం మీంచి తలెత్తలేదు. అమ్మ మాటా కొట్టిపారేసేది కాదు. పెద్దవాళ్లిద్దరినీ చూసుకునేది వాడే కదా, అందులో నా వంతు ఎంతో నేనూ ఏనాడూ లెక్కకట్టలేదు.

అందుకని అద్దె వదిలేసి, ఖర్చులు తేల్చుకున్నాం. మెయింటెనెన్సు, ఆస్తిపన్ను, చిల్లర రిపేర్లు, వుడ్‌వర్కు వాడివి, వాటిని వాటాలో కలపకూడదు. లిఫ్టు మార్చడం, శ్లాబు కురిస్తే బాగుచేయించడం లాంటివి 60-40. ఎవరైనా బయటపడాలనుకుంటే బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వాల్యూయరు కట్టిన ధరలోంచి మిగిలిన అప్పు తీసేసి వాటా ప్రకారం పంచాలి, కొనే మొదటి హక్కు రెండోవాళ్లది. ఇదంతా స్టాంపు పేపరు మీద రాసుకున్నాం. తర్వాత వాళ్లు మాడ్యులర్ కిచెన్‌కి మూడున్నర లక్షలు పెట్టారు. "ఇదీ ఇంటికి పెట్టిందే కదా వదినా" అంది మరదలు. కాగితం తీసి చూపించాను. ఎక్కడైనా బావ గానీ వంగతోట దగ్గర కాదని ఊరికే అన్నారా!

బ్యాంకుకి మాత్రం మా 60-40తో పనిలేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగి, మా ఈఎంఐ 45 వేలు దాటింది. ఒక నెల తమ్ముడి ఖాతాలో డబ్బు చాలకపోతే ఫోను నాకొచ్చింది. కలిసి అప్పు చేసినవాళ్లలో ఎవరి దగ్గరైనా మొత్తం రాబట్టుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. సిబిల్ రిపోర్టులోనూ అప్పు మొత్తం నా పేరు మీద కనిపిస్తుంది.

వీలునామా కూడా రాశాను. పెళ్లైన హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే స్వార్జితం భర్తకూ పిల్లలకూ వెళ్తుంది. వాళ్లు లేకపోతే భర్త వారసులకు, ఆ తర్వాతే కన్నవాళ్లకు. మా అమ్మ ఉంటున్న ఇంట్లో మా ఆయన దాయాదులు వాటాదారులు కావచ్చన్నమాట. అప్పులో ఎవరి వంతుకు వాళ్లం టర్మ్ పాలసీ తీసుకున్నాం.

ఈమధ్య బెంగళూరులో ఇంటి లోనుకెళితే అక్కడి బ్యాంకు మియాపూర్ ఈఎంఐ మొత్తాన్నీ నా లెక్కలో వేసింది. అందుకే నా వాటా వాడికి ఇచ్చేయాలనుకున్నాం. వాల్యూయరు 84 లక్షలు కట్టాడు. అప్పు 45 పోతే 39, అందులో నాకు 15.6 లక్షలు. విడుదల దస్తావేజు రాసినంత మాత్రాన లోనులోంచి నా పేరు పోదు, వాడి జీతానికి మిగతా అప్పు సరిపోతుందని బ్యాంకు ఒప్పుకోవాలి. 26 లక్షలకు కొన్న వాటా విలువ 33.6 అయింది కాబట్టి లాభం 7.6 లక్షలు. 12.5 శాతం చొప్పున 95 వేలు పన్ను. 2024 జూలై 23కి ముందు కొన్నది కాబట్టి ఇండెక్సేషనుతో 20 శాతం లెక్క వేసుకుంటే 55 వేల పైచిలుకే. రెండేళ్లలోపు ఆ లాభంతో బెంగళూరులో ఇల్లు కొంటే అదీ ఉండదు. బ్యాంకు జవాబు ఇంకా రాలేదు. మరదలు మాత్రం ఉగాది లోపు తేల్చేయమంటోంది.